రెండో ఏడాదిలో బర్రో, హెర్బర్ట్: ఎవరు ముందున్నట్టు?

మెరుపు_గుర్తు
10 జనవరి 2022

లాస్ వేగస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు (ఎన్‌ఎఫ్‌ఎల్) ఆటలో మా ఛార్జర్స్ రైడర్స్ చేతిలో 35-32తో ఓడిపోయి గంట కూడా కాలేదు. బాధలోనే రాస్తున్నాను.

నాలుగో క్వార్టర్‌లో రైడర్స్ 29-14తో ముందున్నారు. అక్కడి నుంచి మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) హెర్బర్ట్ ఆట చూశారా? నాలుగో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు అవకాశాల్లో చివరిది), ఇంకా 21 గజాలు కావాలి, అంతా అయిపోయిందనుకున్న చోట రిసీవర్ పామర్‌కు టచ్‌డౌన్ (ఎదుటి జట్టు చివరి గీత దాటితే వచ్చే ఆరు పాయింట్లు) పాసు వేశాడు. తర్వాత 19 ప్లేల డ్రైవ్ (వరుస దాడి). గడియారంలో సున్నా పడుతుండగా మైక్ విలియమ్స్ చేతికి బంతి అందించి 29-29 చేశాడు. మొత్తం 64 సార్లు విసిరాడు, 383 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఒక్క మనిషి ఒక్క రాత్రిలో ఇంతకంటే ఏం చేయగలడు?

ఆట ముగిసిన పది నిమిషాలకే మా మిత్రబృందంలో తీర్పు చెప్పేశారు. 2020 డ్రాఫ్టులో (కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే కార్యక్రమం) అసలైన క్వార్టర్‌బ్యాక్ బెంగాల్స్‌కు వెళ్లిన బర్రోనే అట, బెంగాల్స్ ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ ఆటలకు) వెళ్లారు, హెర్బర్ట్ ఇంటికి వెళ్లాడు, ఇక వాదన లేదట. సీజన్ మొత్తంలో 5,014 గజాలు, 38 టచ్‌డౌన్లు సాధించినవాడు 4,611 గజాలు, 34 టచ్‌డౌన్లు సాధించినవాడి కంటే ఎలా తక్కువయ్యాడో ఎవరైనా నిదానంగా చెప్పండి.

ఒహాయో_వాసి
10 జనవరి 2022

పదిహేడు ఆటల గజాలను పదహారు ఆటల గజాలతో పోల్చడం దగ్గరే పొరపాటు ఉంది. చివరి వారం క్లీవ్‌లాండ్‌లో బర్రో ఆడలేదు. తమ డివిజన్ (నాలుగు జట్ల గుంపు) అప్పటికే గెలిచేశారు కాబట్టి కూర్చోబెట్టారు. దానికి ముందు రెండు ఆటలు గుర్తు చేసుకోండి. రేవెన్స్ మీద 525 గజాలు, చీఫ్స్ మీద 446. రెండింటిలోనూ నాలుగేసి టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు పట్టేసిన పాసు) లేదు.

నేను కొలంబస్‌లో ఉంటాను. పదేళ్లలో మొదటిసారి ఈ డిసెంబరులోనే మా గుడి మెట్ల దగ్గర బెంగాల్స్ చొక్కాలు చూశాను.

నాలుగో_డౌన్
10 జనవరి 2022

ఒక ఆట తక్కువైతే 400 గజాలు తక్కువవుతాయా? ఒహాయో_వాసి గారూ, ఆ ఒక్క ఆట కలిపినా హెర్బర్టే ముందుంటాడేమో.

లెక్కల_మాస్టారు
10 జనవరి 2022

గజాల మొత్తాన్ని పక్కన పెట్టండి. హెర్బర్ట్ ఈ ఏడాది 672 సార్లు విసిరాడు, బర్రో 520 సార్లు. ఎక్కువ బంతులు ఆడినవాడికి ఎక్కువ పరుగులు వస్తాయి, అది క్రికెట్ చూసే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విసిరిన ఒక్కోసారికి బర్రోకు వచ్చినవి 8.9 గజాలు, హెర్బర్ట్‌కు 7.5. బర్రో పాసుల్లో 70.4 శాతం చేరాయి, హెర్బర్ట్‌వి 65.9. ఈ రెండు లెక్కల్లోనూ లీగు మొత్తానికి బర్రోదే మొదటి స్థానం. వంద పాసులకు టచ్‌డౌన్లు చూసినా బర్రోకు ఆరున్నర, హెర్బర్ట్‌కు ఆరు కన్నా తక్కువ.

ఇక రెండో పక్క. 520 పాసుల్లో 14 ఇంటర్‌సెప్షన్లు బర్రోవి, 672లో 15 హెర్బర్ట్‌వి. అంటే బంతిని జాగ్రత్తగా కాపాడింది హెర్బర్టే. శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) అయితే బర్రోకు 51, లీగులో అందరికంటే ఎక్కువ. హెర్బర్ట్‌కు 31. పాసు కోసం వెనక్కి అడుగు వేసిన ప్రతి పదకొండు సార్లకు ఒకసారి బర్రో నేల మీద పడ్డాడు. హెర్బర్ట్ దాదాపు ఇరవై మూడుసార్లకు ఒకసారి. ఆ పడిపోవడంలో పోయిన గజాలు పైన చెప్పిన 8.9లో కనబడవు. అవి తీసేస్తే ఇద్దరి మధ్య దూరం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు.

మెరుపు_గుర్తు
10 జనవరి 2022

మాస్టారూ, ఇది నేను అడిగినదానికి సరైన జవాబు. కానీ 672 సార్లు విసరాల్సిన గతి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి కదా. మా డిఫెన్సు ఈ సీజన్‌లో 459 పాయింట్లు ఇచ్చుకుంది. బెంగాల్స్ ఇచ్చినవి 376. ఎప్పుడూ వెనకబడి ఉన్నవాడు విసరక ఏం చేస్తాడు?

పెన్నా_తీరం
10 జనవరి 2022

వాదన మధ్యలో ఒక మాట. పొద్దున ఓవర్‌టైమ్ నడుస్తుంటే మా అమ్మ కాఫీ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. "సమానంగా ముగిస్తే రెండు జట్లూ ముందుకు వెళ్తాయి, ఇంకెక్కడో ఉన్న స్టీలర్స్ బయటికి పోతారు" అని చెప్పాను. "అలాంటప్పుడు ఇద్దరూ ఊరుకుంటే పోయేదానికి ఇంకా ఎందుకురా కొట్టుకుంటున్నారు?" అంది. సరిగ్గా అప్పుడే మన కోచ్ టైమౌట్ అడిగాడు.

నాలుగో_డౌన్
10 జనవరి 2022

అమ్మగారిని ఛార్జర్స్ పక్కన నిలబెట్టాల్సింది!

శాండియేగో_పాతకాపు
10 జనవరి 2022

ఆ టైమౌట్ 38 సెకన్లు మిగిలి ఉండగా వచ్చింది. తర్వాతి ప్లేలో రైడర్స్ జేకబ్స్ 10 గజాలు పరిగెత్తాడు, కార్ల్‌సన్ 47 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకు తన్నే మూడు పాయింట్ల కిక్) కొట్టాడు, అయిపోయింది. పరుగును ఆపడానికి సరైన మనుషులను దింపాలనే అడిగానని మా కోచ్ స్టేలీ చెప్పాడు. నాకు దానికంటే ఎక్కువ కోపం మూడో క్వార్టర్ మీద ఉంది. సొంత 18వ గజం గీత మీద నాలుగో డౌన్‌లో పంట్ కొట్టకుండా (బంతిని దూరంగా తన్ని ఇచ్చేయకుండా) ఎవరైనా ఆడతారా? బంతితో పరిగెత్తిన ఎకెలర్‌ను అక్కడే పట్టేశారు, రైడర్స్‌కు మూడు పాయింట్లు ఉచితంగా పోయాయి. మూడు పాయింట్ల తేడాతోనే ఓడాం.

నాలుగో_డౌన్
10 జనవరి 2022

నేను ఒప్పుకోను. అదే ఆటలో ఆ తర్వాత నాలుగో డౌన్లలో తెగించబట్టే కదా ఓవర్‌టైమ్ దాకా వచ్చాం. తెగింపు ఫలించినప్పుడు హెర్బర్ట్ గొప్పవాడు, ఫలించనప్పుడు కోచ్ మూర్ఖుడు అంటే కుదరదు.

శాండియేగో_పాతకాపు
10 జనవరి 2022

ఎక్కడ తెగించాలో తెలియాలంటున్నాను, తెగించొద్దని అనలేదు. డిసెంబరు 16న చీఫ్స్ మీద కూడా ఇలాగే చేశారు. ఫీల్డ్ గోల్ కొట్టదగ్గ చోట మూడుసార్లు నాలుగో డౌన్ ఆడి ఖాళీ చేతులతో తిరిగొచ్చి ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓడారు. ఆ ఆటను, నిన్నటి ఆటను హెర్బర్ట్ ఖాతాలో రాయడం అన్యాయం. ఈ విషయంలో మెరుపు_గుర్తు గారితో ఏకీభవిస్తాను.

కృష్ణా_కరకట్ట
10 జనవరి 2022

ఇద్దరూ ముఖాముఖి ఆడిన ఆటను అందరూ మర్చిపోయారు. డిసెంబరు 5, సిన్సినాటి. ఛార్జర్స్ 41, బెంగాల్స్ 22. హెర్బర్ట్ 317 గజాలు, 3 టచ్‌డౌన్లు. బర్రో 300 గజాలు, ఒక టచ్‌డౌన్, 2 ఇంటర్‌సెప్షన్లు. ఇంకేం కావాలి?

ఒహాయో_వాసి
10 జనవరి 2022

ఆ ఆటకు నేను స్టేడియంలో ఉన్నాను, మొత్తం చెబుతాను. 24-0తో వెనకబడిన జట్టును బర్రో 24-22 దాకా తెచ్చాడు. ఆ ఆటలోనే కుడిచేతి చిటికెన వేలు కీలు తప్పింది, అయినా ఆడాడు. ఒక ఇంటర్‌సెప్షన్ మా రిసీవర్ ఛేజ్ చేతుల్లో పడి ఎగిరి వెళ్లింది. ఊపు మాదే అనుకుంటున్నప్పుడు మా మిక్సన్ బంతి జారవిడిచాడు, ఛార్జర్స్ దాన్ని అందుకుని నేరుగా టచ్‌డౌన్ చేశారు. 22 దగ్గర ఆగిపోయాం. హెర్బర్ట్ ఆ రోజు చాలా బాగా ఆడాడు, కాదనను. కానీ 41-22 అనే అంకెలో ఆ మధ్యాహ్నం లేదు.

మోకీలు_వైద్యం
11 జనవరి 2022

నేను ఫిజియోథెరపిస్టును, ఆ కంటితో చూస్తాను. 2020 నవంబరు 22న వాషింగ్టన్‌లో బర్రో ఎడమ మోకాలి ఏసీఎల్, ఎంసీఎల్ అనే లిగమెంట్లు రెండూ తెగాయి. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ కాలు ముందు కాలు. విసిరే క్షణంలో ఒళ్లంతా తిరిగి వచ్చి ఆ కాలి మీదే ఆగుతుంది. అది నమ్మకంగా నిలవకపోతే బంతి ఎత్తుకు పోతుంది, లేదా బలం మొత్తం భుజం మీద పడుతుంది. శస్త్రచికిత్స తర్వాత ఆటలోకి రావడానికి మామూలుగా తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది.

నా దగ్గరికి వచ్చే కబడ్డీ, వాలీబాల్ పిల్లల్లో మోకాలు అతికినా మనసు అతకని వాళ్లే ఎక్కువ. మైదానంలో ఎవరైనా కాళ్ల దగ్గరికి వస్తే చాలు, చూపు కిందికి పోతుంది. బర్రో గాయపడిన పది నెలల్లోపే సెప్టెంబరు 12న వైకింగ్స్ మీద మొదటి ఆట ఆడాడు. సీజన్ మొత్తం 51 సార్లు పడ్డాడు. అయినా ఎదురుగా మీదపడే మనుషులను కాకుండా దూరంగా పరిగెత్తే రిసీవర్‌నే చూస్తున్నాడు. నాకు అన్నిటికంటే అదే ఆశ్చర్యం. హెర్బర్ట్‌ది అతనికి రెండో పూర్తి ఏడాది, బర్రోది పది ఆటలు ఆడి మంచం పట్టి లేచినవాడి రెండో ఏడాది. రెండూ ఒక తూకం కాదు.

మెరుపు_గుర్తు
11 జనవరి 2022

మీరు చెప్పినది చదివి కాసేపు ఆలోచించాను. కానీ హెర్బర్ట్ మొదలుపెట్టిన తీరు కూడా సులువైనది కాదు. 2020 రెండో వారం, ఎదురుగా చీఫ్స్. అప్పటి మా మొదటి క్వార్టర్‌బ్యాక్ టైరాడ్ టేలర్‌కు నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఇస్తూ ఊపిరితిత్తికి సూది గుచ్చేశారు. ఆట మొదలవడానికి కాసేపటి ముందు "నువ్వే ఆడాలి" అన్నారట. వెళ్లి ఓవర్‌టైమ్ దాకా తీసుకెళ్లాడు. ఆ ఏడాది 31 టచ్‌డౌన్లు, కొత్త ఆటగాడికి అది రికార్డు.

వానకాలం
11 జనవరి 2022

హెర్బర్ట్ భుజబలం ముందు ఎవరూ లేరు. పరిగెడుతూ, ఒంటికాలి మీద, ఎలాగైనా అరవై గజాలు. కళ్లకు పండగ.

లెక్కల_మాస్టారు
11 జనవరి 2022

భుజబలానికి మార్కులు వేస్తే హెర్బర్ట్. బంతి ఎప్పుడు, ఎక్కడ పడాలో తెలిసినందుకు వేస్తే బర్రో. నాకు రెండోదే ఎక్కువ కాలం నిలుస్తుందనిపిస్తుంది.

శాండియేగో_పాతకాపు
12 జనవరి 2022

ఈ రెండు జట్లూ పోయిన ఏడాది ఒకే జబ్బుతో బాధపడ్డాయి. మొదటి ఏడాది ఇద్దరు కుర్రాళ్లకూ 32 శాక్‌లే. హెర్బర్ట్‌కు అవి పదిహేను ఆటల్లో, బర్రోకు పది ఆటల్లోనే. ఇక 2021 ఏప్రిల్ డ్రాఫ్టులో ఎవరేం చేశారో చూడండి.

ఛార్జర్స్ 13వ స్థానంలో ఎడమ ట్యాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైనువాడు) స్లేటర్‌ను తీసుకున్నారు. అంతకు ముందే గ్రీన్ బే నుంచి సెంటర్ లిన్స్లీని తెచ్చుకున్నారు. బెంగాల్స్ చేతిలో 5వ స్థానం ఉంది, ట్యాకిల్ సూవల్ ఇంకా మిగిలే ఉన్నాడు. మోకాలు తెగిన కుర్రాడి కోసం అతన్నే తీసుకుంటారని లోకమంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. వాళ్లు ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బర్రోతో కలిసి ఆడిన రిసీవర్ ఛేజ్‌ను తీసుకున్నారు. ఆ రోజు నేను బెంగాల్స్‌ను బాగా తిట్టాను.

ఛేజ్ 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు సాధించాడు. నా తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ 51 శాక్‌లు కూడా ఆ నిర్ణయం బిల్లులోనివే. ఇప్పటిదాకా లాభం కనబడుతోంది, ఖర్చు ఎప్పుడు కట్టాల్సి వస్తుందో చూడాలి.

ఒహాయో_వాసి
12 జనవరి 2022

ఇక్కడ మాత్రం మీతో వాదించలేను. ప్రతి ఆటా ఒక కన్ను మూసుకునే చూస్తున్నాను.

మా రాష్ట్రంలో ఈ కుర్రాడంటే ఇంత ప్రేమ ఎందుకో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. పెరిగింది ఇక్కడి ఆథెన్స్‌లో. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మూడేళ్లు ఎదురుచూసినా చోటు దొరక్క ఎల్ఎస్‌యూకు వెళ్లాడు. 2019లో 60 టచ్‌డౌన్లు, పదిహేను ఆటలకు పదిహేనూ గెలుపు. హైస్మన్ బహుమతి (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) అందుకుంటూ మా ప్రాంతంలో ఆకలితో బడికి వచ్చే పిల్లలున్నారని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మాట విన్న జనం అక్కడి ఆహార నిధికి లక్షల డాలర్లు పంపారు. కాబట్టి అంకెలు చెప్పి నన్ను మార్చలేరు, ముందే చెబుతున్నాను.

కృష్ణా_కరకట్ట
12 జనవరి 2022

హెర్బర్ట్ కూడా సొంత ఊరివాడే కదా. యూజీన్‌లో పుట్టి, యూజీన్‌లోనే ఓరెగాన్ తరఫున ఆడాడు. జీవశాస్త్రం చదివాడు. మాట తక్కువ. అందుకే అతని గురించి ఎవరూ కథలు చెప్పరు.

పెన్నా_తీరం
16 జనవరి 2022

పండగ అలసటలోనూ తెల్లవారుజామున మూడింటికి లేచాను. బెంగాల్స్ 26, రైడర్స్ 19! 1991 జనవరి తర్వాత ప్లేఆఫ్స్‌లో మొదటి గెలుపు. ఒహాయో_వాసి గారూ, ఉన్నారా?

ఒహాయో_వాసి
16 జనవరి 2022

ఉన్నాను. గొంతు లేదు. మా వీధిలో ఈ వేళప్పుడు కూడా కార్ల హారన్లు మోగుతున్నాయి.

మెరుపు_గుర్తు
16 జనవరి 2022

అభినందనలు, మనస్ఫూర్తిగా. పోయిన వారం మమ్మల్ని ఇంటికి పంపిన రైడర్స్‌నే మీరు ఇంటికి పంపారు. అయితే ఒకటి గమనించండి. ఒక్క గజం కూడా బర్రో నుంచి తీసేయకుండానే చెబుతున్నాను, చివరి క్షణంలో రైడర్స్ పాసును పట్టుకుని ఆటను ముగించింది మీ డిఫెన్సు. హెర్బర్ట్‌కు అలాంటి రోజు ఒక్కటి దొరికిందా?

మోకీలు_వైద్యం
23 జనవరి 2022

తొమ్మిది! టైటన్స్ మీద తొమ్మిది శాక్‌లు! అయినా 348 గజాలు, అయినా 19-16తో గెలుపు. నా పదిహేనేళ్ల అనుభవంలో ఏ ఆటగాడికీ నేను ఇలాంటి రాత్రి కోరుకోను.

లెక్కల_మాస్టారు
23 జనవరి 2022

ఒక కఠినమైన మాట చెప్పాలి. ఆ తొమ్మిదీ లైనువాళ్ల తప్పులే కావు. కనీసం రెండు మూడు సార్లు బర్రో బంతిని మరీ ఎక్కువసేపు పట్టుకున్నాడు. బయటికి విసిరేస్తే నష్టం లేదు, కానీ ఛేజ్ ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ అవుతాడని ఆగుతాడు. సీజన్ అంతా ఇదే అలవాటు. హెర్బర్ట్ ఇందులో చాలా మెరుగు, ఒత్తిడి రాగానే బంతి చేయి దాటిపోతుంది.

ఒహాయో_వాసి
23 జనవరి 2022

మాస్టారూ, ఆ ఆగడమే అతని ఆట. ఆగడు కాబట్టి హెర్బర్ట్‌కు 7.5, ఆగుతాడు కాబట్టి బర్రోకు 8.9. మీ అంకెలే కదా.

లెక్కల_మాస్టారు
23 జనవరి 2022

మంచి జవాబు. పూర్తిగా ఒప్పుకోలేను, కానీ సగం నిజం ఉంది.

వానకాలం
31 జనవరి 2022

21-3తో వెనకబడి, చీఫ్స్ మైదానం యారోహెడ్‌లో, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద, ఓవర్‌టైమ్‌లో 27-24! నేను హెర్బర్ట్ మనిషిని. కానీ నిన్న రాత్రి బర్రో చేతుల్లోంచి తప్పించుకుని పరిగెత్తి మూడో డౌన్లు సాధిస్తుంటే లేచి నిలబడ్డాను.

శాండియేగో_పాతకాపు
31 జనవరి 2022

మొదటి రెండేళ్లలో ఒకరికి ప్లేఆఫ్స్ లేవు, మరొకరు సూపర్ బౌల్‌కు (లీగు ఫైనల్‌కు) వెళ్తున్నారు. అదీ ఛార్జర్స్ సొంత మైదానం సోఫైలోనే. ఈ ఏడాదికి తీర్పు ఇవ్వాలంటే బర్రోకే ఇస్తాను. పదేళ్లకు ఒకరిని ఎంచుకోమంటే నా చేయి ఇంకా హెర్బర్ట్ వైపే పోతుంది. నిలబెట్టే లైను, ఆపగల డిఫెన్సు ఇచ్చి చూడండి ముందు.

మెరుపు_గుర్తు
14 ఫిబ్రవరి 2022

సూపర్ బౌల్‌లో రామ్స్ 23, బెంగాల్స్ 20. నెల క్రితం ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు బర్రో ఓడిపోతే సంతోషిస్తాననుకున్నాను. ఈ ఉదయం అలా జరగలేదు.

చివరి ప్లే నాలుగైదుసార్లు చూశాను. నాలుగో డౌన్, ఒక్క గజం. దూరంగా ఛేజ్‌ను కాపలా కాస్తున్న ర్యామ్సీ కాలు జారి పడ్డాడు, ఛేజ్ ఒంటరిగా పరిగెడుతున్నాడు. ఇంకొక్క క్షణం దొరికి ఉంటే అది టచ్‌డౌన్. కానీ రామ్స్ డిఫెన్సువాడు ఆరన్ డొనాల్డ్ అప్పటికే బర్రోను పట్టుకుని గిరగిరా తిప్పేస్తున్నాడు. పాతకాపు గారు జనవరిలో చెప్పిన ఖర్చు అక్కడ కట్టాల్సి వచ్చింది. ఎదురుగా స్లేటర్ లాంటివాడు ఒక్కడుంటే అని నాకే అనిపించింది.

లెక్కల_మాస్టారు
14 ఫిబ్రవరి 2022

నిన్న ఏడు శాక్‌లు. సీజన్‌లోవి 51, టైటన్స్ మీద తొమ్మిది వాటికి అదనం. బెంగాల్స్ యాజమాన్యం వచ్చే నెల డబ్బు ఎక్కడ పెట్టాలో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మోకీలు_వైద్యం
14 ఫిబ్రవరి 2022

నాలుగో క్వార్టర్‌లో రామ్స్ వాన్ మిల్లర్ పడగొట్టినప్పుడు బర్రో మోకాలు పట్టుకుని అరిచాడు, చూశారా? నేను వెంటనే ఏ కాలో చూశాను. కుడిది. పాత కాలు కాదు. తర్వాతి డ్రైవ్‌కు మళ్లీ వచ్చి ఆడాడు.

ఒహాయో_వాసి
14 ఫిబ్రవరి 2022

నేను ఆ ప్లే చూడలేదు. అతను పడగానే మొహం తిప్పుకున్నాను. మా అబ్బాయి "నాన్నా, లేచాడు, లేచాడు" అనేదాకా అటు తిరగలేదు.